పద్నాలుగు కోర్ల సర్వర్ చిప్పూ ఆరు కోర్ల ఐ5: దాసన్నపేట మేడ మీద డైరీ

2025 సెప్టెంబర్ 21, ఆదివారం

పాత సిస్టమ్ ఇవాళ మూడోసారి ఆగిపోయింది, అదీ ఎక్స్‌పోర్ట్ తొంభై శాతం దగ్గరకొచ్చేక. ఇంక దీన్ని నమ్ముకుని పెళ్ళిళ్ళ సీజన్‌లోకి దిగలేను. నా పనేటంటే పెళ్ళి వీడియోల మిక్సింగ్. విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు స్టూడియోలవాళ్ళు హార్డ్ డిస్కులు తెచ్చి పడేసి వెళ్తారు, మేడ మీద గదిలో కూర్చుని కట్ చేసి, టైటిల్స్ వేసి, పాటలు పెట్టి తిరిగిస్తాను. ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, దాంట్లో రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి బాగానే ఉంది, అది ఎలాగూ కొత్తదాంట్లోకి వస్తుంది, మారాల్సింది బోర్డూ ప్రాసెసరూ ర్యామూ.

బడ్జెట్ 35 వేలు. అందులో 8 వేలు మా తమ్ముడివి, ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి, వాడి షరతు ఒక్కటే, రాత్రి పదయ్యేక సిస్టమ్ వాడిది, గేమ్స్ ఆడాలి, ఆగకుండా ఆడాలి.

ఒక స్టూడియో ఆయన ఫోన్‌లో చెప్పేడు, "ఐ5లూ ఐ7లూ ఎందుకండీ, సర్వర్ ప్రాసెసర్ తీసుకోండి, 14 కోర్లు మూడు వేలకొస్తోంది" అని. కోరు అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక్కో పనివాడు, మూడు వేలకి పద్నాలుగు కోర్లు అనగానే నాకు నిద్రపట్టలేదు, నిజంగా. రాత్రంతా చదివేను. ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4, 2016లో వచ్చింది, 14 కోర్లు 28 థ్రెడ్లు (ఒక్కో కోరు ఒకేసారి రెండు పనులు పట్టుకుంటుంది), 35 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ), 120 వాట్లు, అప్పట్లో కంపెనీ లిస్టు ధర 1,745 డాలర్లు. అంతటిది ఇంత చవగ్గా ఎందుకొస్తోందంటే డేటా సెంటర్లవాళ్ళు కొన్నేళ్ళు వాడేక సర్వర్లు గుత్తగా మార్చీస్తారు, కరెంటు ఖర్చు చూసుకుంటే కొత్తవే వాళ్ళకి లాభం, పాతవి టన్నుల లెక్కన బయటికొస్తాయి, వాటిలోంచి పీకిన చిప్పులూ ర్యామ్‌లూ ప్రపంచమంతా అమ్ముడవుతాయి. వాటికి సరిపడే బోర్డులు కూడా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, పాత చిప్‌సెట్‌లే (ప్రాసెసర్‌కీ బోర్డు మీది మిగతా భాగాలకీ మధ్య పనిచేసే చిప్పు) పీకి వేసి.

ఆర్డర్ పెట్టీసేను. చిప్పు 2,900, బోర్డు 6,200, 16 జీబీ స్టిక్కులు నాలుగు కలిపి 6,600, కూలర్ 1,400. మొత్తం 17,100. సగం బడ్జెట్ మిగిలిపోయింది కదా అని తమ్ముడు అప్పుడే కొత్త మానిటర్ లింకులు పంపడం మొదలెట్టేడు.

సెప్టెంబర్ 28, ఆదివారం

సరుకు వచ్చింది. చిప్పు అరచేతిలో పెట్టుకుంటే మామూలు ఐ5కి ఒకటిన్నర రెట్లకి పైనే ఉంది, సాకెట్‌కి ఒక లివర్ కాదు, రెండు లివర్లు, ఏది ముందు నొక్కాలో ప్లేట్ మీద అచ్చేసి ఉంది కాబట్టి బతికిపోయేను. కూలర్ మాత్రం కూర్చోలేదు. 2011 సాకెట్‌కి వెనక ప్లేటు అక్కర్లేదు, సాకెట్ చుట్టూ ఉన్న నాలుగు మరల్లోకే స్క్రూలు దిగాలి, ఆ స్క్రూలు పెట్టెలో లేవు. కోట దగ్గర షాపులన్నీ తిరిగేను, గంటస్తంభం దగ్గర అడిగేను, అందరూ నా మొహం చూసి "సర్వర్‌దా, ఎవరికండీ?" అని అడిగేవాళ్ళే. ఆఖరికి ఒక సర్వీసు కుర్రాడు డబ్బా బోర్లించి వెతికి నాలుగు స్క్రూలు తీసి ఇచ్చేడు, డబ్బులు కూడా తీసుకోలేదు, టీ తాగించేను.

మొదటిసారి ఆన్ చేస్తే దాదాపు నిమిషం నల్ల స్క్రీన్. గుండె ఆగిపోయింది. తరవాత వచ్చింది. సర్వర్ జాతి బోర్డులకి ఇది మామూలేనట, ర్యామ్ అంతా లెక్కపెట్టుకుని గానీ లేవవు. పెట్టె మీద ఎక్స్99 అని బంగారు రంగు అక్షరాలు, అది ఈ రకం చిప్పులకి చేసిన చిప్‌సెట్ పేరు, లోపల సాఫ్ట్‌వేర్‌తో చూస్తే చిప్‌సెట్ పేరు క్యూ87 అని వచ్చింది, అంటే ఏదో పాత ఆఫీసు సిస్టమ్‌లోంచి వచ్చిన చిప్‌సెట్. నడుస్తోంది కాబట్టి నోర్మూసుకున్నాను.

టాస్క్ మేనేజర్ తెరిస్తే థ్రెడ్‌కొకటి చొప్పున 28 గళ్ళు. తమ్ముడు ఫొటో తీసి స్టేటస్ పెట్టేడు.

అక్టోబర్ 1, బుధవారం

స్టేటస్ పెట్టినంత ఆనందం గేమ్‌లో రాలేదు వాడికి. జీటీఏ 5 పెట్టేడు, బాగానే ఉంది అన్నాడు, కారులో ఊరి మధ్యకెళ్ళేసరికి "అన్నయ్యా, జర్క్ అవుతోంది" అన్నాడు. సీఎస్ 2 (కౌంటర్-స్ట్రైక్ 2)లో అయితే పొగ బాంబు పడిన ప్రతిసారీ గేమ్ ఒక్క క్షణం ఊపిరి బిగబడుతోంది. కార్డు వాడకం చూస్తే 60 శాతం దగ్గర తిరుగుతోంది, అంటే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. ప్రాసెసర్ వాడకం చూద్దామా అంటే అది 22 శాతం! ఇద్దరూ ఖాళీగానే ఉన్నారు, మరి పని ఎవడు ఆపుతున్నాడు?

ఒక్కో గడి విడిగా చూస్తే అర్థమయింది. 28 గళ్ళలో ఒక్కటి పైదాకా అంటుకుపోయి ఉంది, మరో నాలుగైదు సగం దాకా, మిగతావి చీకటి.

అక్టోబర్ 2, దసరా

తమ్ముడు ఎక్కడో వీడియో చూసి బయోస్ (బోర్డుని లేపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చితే అన్ని కోర్లూ పై స్పీడులో ఉరుకుతాయట అని సాయంత్రం అంతా నన్ను పీడించేడు. రెండు గంటలు చదివితే తేలిందేటంటే ఆ కిటుకు ముందు తరం వీ3 చిప్పులకి మాత్రమే పనిచేస్తుంది, మనది వీ4. ఈ చిప్పు ఒకటి రెండు కోర్లు పనిలో ఉన్నప్పుడే 3.3 గిగాహెర్ట్జ్ వెళ్తుంది, అందరూ పనిలోకి దిగితే 2.9 దగ్గర కూర్చుంటుంది. బయోస్ ముట్టుకోలేదు. పండగ పూట బోర్డు పోతే ఎవడికి చెప్పుకోవాలి.

అక్టోబర్ 5, ఆదివారం

అదృష్టం అంటే ఇదే. మా బొబ్బిలి చిన్నాన్న కొడుకు ఇక్కడ రూమ్ తీసుకుని చదువుతున్నాడు, దసరా సెలవులకి ఊరెళ్తూ రూమ్‌లో ఎందుకులే అని వాడి సీపీయూ మా ఇంట్లో పెట్టి వెళ్ళేడు (మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అంటాం కదా, ఈ డైరీలో అది కొంచెం గందరగోళం చేస్తుంది, సర్దుకోండి). అందులో ఉన్నది కోర్ ఐ5-12400. 2022 జనవరిలో వచ్చింది, 6 కోర్లు 12 థ్రెడ్లు, 18 ఎంబీ ఎల్3, ఒక కోరు 4.4 గిగాహెర్ట్జ్ దాకా, అన్నీ కలిసి 4.0. వాడికి ఫోన్ చేసి "ఒరే, నీది కొంచెం వాడుకుంటాను" అంటే "వాడుకో అన్నయ్యా, నా గేమ్ సేవ్‌లు మాత్రం ముట్టుకోకు" అన్నాడు.

కాబట్టి అదే 1660 సూపర్, అదే ఎస్ఎస్‌డీ, అదే 1080పీ మానిటర్, మారేది కింద బండి మాత్రమే. ర్యామ్ కూడా ఒకటే పెట్టి చూద్దామని జియాన్‌లోంచి రెండు స్టిక్కులు తీసి ఐ5 బోర్డులో గుచ్చేను, గంతలో చక్కగా కూర్చున్నాయి, సిస్టమ్ మాత్రం లేవలేదు, ర్యామ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. సర్వర్ ర్యామ్ రిజిస్టర్డ్ రకం, స్టిక్కు మధ్యలో అదనంగా ఒక చిప్పు ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్ బోర్డుకి దానితో మాట్లాడటం రాదు. డీడీఆర్4లో రెండిటి గాటూ ఒకే చోట ఉంటుంది కాబట్టి గుచ్చితే దిగిపోతుంది, అదే మోసం. చవగ్గా వస్తోందని 6,600 పెట్టి కొన్న 64 జీబీ ఈ ఒక్క బోర్డుకే అంకితం అన్నమాట. ఇది కొనకముందు తెలియాల్సింది.

ఫ్రేమ్‌లు రాసుకున్నవి ఇవీ. సీఎస్ 2, సెకనుకి ఫ్రేమ్‌లు, జియాన్ సగటు 104, కింది ఒక శాతం (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేమ్‌ల వేగం) 47. ఐ5 మీద 186, కింద 98. జీటీఏ 5 హై సెట్టింగ్స్‌లో జియాన్ 78, కింద 44, ఐ5 121, కింద 82. మా మానిటర్ 75 హెర్ట్జే, అంటే సెకనుకి 75 బొమ్మలే చూపగలదు కాబట్టి 104కీ 186కీ తేడా కంటికి కనపడదు, ఆ సగటు అంకెలు చూసి గొప్పలు పోవడం దండగ. కనపడేది ఆ కింది అంకె. సెకనుకి 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లే టైమ్, నడుస్తూ నడుస్తూ ఒకటి 22కి పోయిందంటే చేతికి తెలిసిపోతుంది, తమ్ముడు జర్క్ అన్నది దాన్నే. ఆ తరవాత వాడి కథల గేమ్ ఒకటి, గ్రాఫిక్స్ అన్నీ ఆఖరి మెట్టు మీద పెట్టి రెండిటి మీదా ఆడించేను, రెండూ 57, 58. అక్కడ కార్డే చెమటోడుస్తోంది, కింద ఎవరున్నా దానికి ఒకటే. అందుకే పెద్ద కార్డుల మీద 4కేలో పెట్టి "సర్వర్ చిప్పు కూడా సమానంగా ఆడుతోంది చూడండి" అని చూపించే వీడియోలు అబద్ధమూ కావు, మనకి పనికొచ్చే నిజమూ కావు.

అక్టోబర్ 7, సిరిమాను మంగళవారం

పైడితల్లమ్మ జాతర, నిన్న తొలేళ్ళు, ఇవాళ సిరిమాను. ఇంటినిండా చుట్టాలు, మూడు లాంతర్ల దగ్గరనించి కోట దాకా ఇసకేస్తే రాలని జనం. పని లేదు. రాత్రి మా అత్త కొడుకులు ఇద్దరు మేడెక్కి ఐ5 మీద తెల్లారేదాకా ఆడేరు, కార్డు జియాన్‌లోకి మార్చమని ఎవరూ అడగలేదు, నేను గమనించేను.

అక్టోబర్ 9, గురువారం

గేమ్ సంగతి సరే, నా కూడు మిక్సింగ్‌లో ఉంది, అక్కడైనా 14 కోర్లు నన్ను కాపాడతాయనుకున్నాను.

ముందు మామూలు ఫైళ్ళు, హెచ్.264 8-బిట్, పాత కెమెరాలవి. రెండూ బానే ఉన్నాయి, ఎందుకంటే వాటిని విప్పే పని 1660 సూపరే చేసీస్తుంది. తరవాత పార్వతీపురం పెళ్ళి డిస్కు పెట్టేను. ఆ స్టూడియో ఈ మధ్య కొత్త సోనీ కెమెరా కొన్నాడు, ఫైళ్ళు 4కే హెచ్ఈవీసీ (హెచ్.264 కంటే గట్టిగా కుదించే పద్ధతి) 4:2:2 10-బిట్. తలంబ్రాల దగ్గర మూడు కెమెరాలు పక్కపక్కన పెట్టి మల్టీక్యామ్ నడిపితే జియాన్ మీద బొమ్మ అడుగు తీసి అడుగేస్తోంది, స్పేస్ బార్ నొక్కేక రెండు సెకన్లకి ఆగుతోంది, 28 గళ్ళూ ఈసారి నిజంగానే నిండి ఉన్నాయి. రంగు ఎక్కువ వివరంగా దాచే ఈ 4:2:2ని విప్పే సరంజామా నా కార్డులో లేదు, ఎన్‌విడియా వాళ్ళు దాన్ని ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నించే పెట్టేరు, కాబట్టి మోతంతా ప్రాసెసర్ మీద పడింది.

ఐ5 మీద పెడితే అక్కడా నత్తే! ఇంకా ఘోరం. ఆరు కోర్లు కదా, సహజమే అనుకుని భోజనానికి దిగిపోయేను, అన్నం తింటుంటే తట్టింది. 12400లో గ్రాఫిక్స్ లోపలే ఉంది, పేరు చివర ఎఫ్ ఉన్నదాంట్లోనే ఉండదు. ఆ లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని వీడియో విప్పడానికే ఒక చిన్న యంత్రం ఉంటుంది, 4:2:2 10-బిట్ హెచ్ఈవీసీ దానికి వచ్చు. కానీ విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలిదాన్ని పడుకోబెట్టీస్తాయి. బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నది ఆన్ చేసి, ఇంటెల్ డ్రైవర్ వేసి, మళ్ళీ ప్రీమియర్ (నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) తెరిచేను.

చెయ్యి కడుక్కున్నంత హాయి. మూడు కెమెరాలూ నీళ్ళలా కదులుతున్నాయి, ప్రాసెసర్ వాడకం 30 శాతం కూడా లేదు. చిప్పులో ఏదో మూల గోరంత చోటులో ఉన్న యంత్రం 14 కోర్లు చెయ్యలేని పని చేసి పెట్టింది. అది చూసేక పెద్ద చిప్పు కొన్నందుకు కోపం రాలేదు గానీ, కోర్లు లెక్కపెట్టి కొన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఎక్స్‌పోర్ట్ కూడా చూసేను. 22 నిమిషాల హైలైట్స్, మామూలు ఫైళ్ళతో చేసినది, రెండిటి మీదా ఇంచుమించు ఒకటే టైమ్, ఎందుకంటే మూట కట్టే పని రెండు చోట్లా కార్డులోని ఎన్‌కోడరే చేస్తోంది.

అక్టోబర్ 12, ఆదివారం

జియాన్‌కి అన్యాయం చెయ్యకూడదు కదా అని ఇవాళ దాని ఇష్టమైన పని పెట్టేను. పెళ్ళి టైటిల్ యానిమేషన్ ఒకటి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్నాను, బంగారు అక్షరాలూ మల్లెపూలూ రాలడమూ, కార్డు కాకుండా ప్రాసెసర్ మీదే రెండర్ (లెక్కగట్టి ఒక్కో బొమ్మా తయారుచెయ్యడం). జియాన్ 39 నిమిషాలు, ఐ5 46 నిమిషాలు. గెలిచింది! గెలిచింది గానీ ఆరు కోర్లవాడి మీద పద్నాలుగు కోర్లవాడు ఏడు నిమిషాలతో గెలవడం కూడా ఒక గెలుపేనా. సింగిల్ కోర్ బెంచ్‌మార్క్‌లో అయితే జియాన్ స్కోరు ఐ5లో సగం దగ్గరే ఆగింది.

ప్లగ్గు మీటర్ పెట్టి వాట్లు కూడా రాసుకున్నాను. ఊరికే కూర్చుంటే జియాన్ 82, ఐ5 41. రెండర్‌లో జియాన్ 205, ఐ5 128. అంటే ఆ టైటిల్‌కి జియాన్ ముందే ముగించినా 133 వాట్-అవర్లు తిన్నది, ఐ5 ఏడు నిమిషాలు ఆలస్యంగా 98తో తేల్చీసింది. ఊరికే ఉన్నప్పటి తేడా 41 వాట్లు, రోజుకి 12 గంటలు ఆన్‌లో ఉంటే దగ్గరదగ్గర అర యూనిట్, నెలకి 15 యూనిట్లు, ఏమీ చెయ్యకుండానే.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియో ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్)లో మాత్రం జియాన్ నిజంగా మెరిసింది. ఒకేసారి చాలా ఫ్రేమ్‌లు రెండర్ చేసే పద్ధతి దాంట్లో ఉంది, ఒక్కో ఫ్రేముకీ విడిగా ర్యామ్ కావాలి, ఇక్కడ 64 జీబీ ఉంది, ఐ5లో 16. ఐ5 మధ్యలో డిస్కుకి రాసుకుంటూ ఆయాసపడింది. అయితే ఇది కోర్ల గెలుపా ర్యామ్ గెలుపా అని అడిగితే ఎక్కువ పాలు ర్యామ్‌దే అంటాను.

సాయంత్రం నాన్న మేడెక్కేరు. నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు చేసేరు ఆయన. పద్నాలుగు పెద్దదా ఆరు పెద్దదా అన్న గొడవంతా చెప్పేను, గేమ్‌లో ఒక గడి నిండిపోయి మిగతావి ఖాళీగా ఉండటం చూపించేను. కాసేపు చూసి, "మా మిల్లులో లూములు అన్నేసి ఉండీవిరా. స్పిన్నింగ్ కాడ నూలు అందకపోతే, లూము ముందు నిలబడ్డోడు ఏటి చేస్తాడు, బీడీ కాల్చుకోడమే కదా. అప్పుడు ఇంకో వంద లూములు తెచ్చినా బీడీలు కాల్చీవోళ్ళే పెరుగుతారు" అన్నారు. జీన్ ఆమ్డాల్ అనే ఆయన 1967లో ఇదే సంగతి లెక్క కట్టి చెప్పేడట, విడగొట్టలేని ముక్క ఎంతుంటే అంతకు మించి ఎంతమందిని పెట్టినా వేగం పెరగదని. నాన్నకి చెప్తే "మరేటి" అన్నారంతే.

గేమ్‌లో ఆ స్పిన్నింగ్ వాడు మెయిన్ థ్రెడ్. ఎవడెక్కడున్నాడు, గుండు ఎవడికి తగిలింది, ఏ బొమ్మ ముందు గియ్యాలి అన్నది వరసగా తేల్చి కార్డుకి అందిస్తూ ఉండాలి, వాడొక్కడు ఎంత గబగబా చేస్తే గేమ్ అంత. ఐ5లో వాడు 4.4 దగ్గర ఉరుకుతున్నాడు, పైగా ఆరేళ్ళ తరవాత పుట్టిన డిజైన్ కాబట్టి ఒక్కో టిక్కుకి చేసే పని కూడా ఎక్కువ. జియాన్‌లో వాడు 3.3 దాటడు, ర్యామ్ నించి సరుకు తెచ్చుకోవడానికీ ఎక్కువసేపు ఆగుతాడు. ఇక్కడ నాకు ముందు అర్థం కానిదేటంటే లెక్క ప్రకారం జియాన్‌దే వెడల్పు రోడ్డు, నాలుగు చానెల్స్ డీడీఆర్4-2400 అంటే సెకనుకి 76.8 జీబీ, ఐ5కి రెండు చానెల్స్ 3200, అంటే 51.2 జీబీ. కానీ గేమ్‌కి కావాల్సింది లారీల కొద్దీ సరుకు కాదు, ఇప్పుడే ఒక్క చిన్న ముక్క, వెంటనే. 35 ఎంబీ క్యాష్ కూడా ఒక్కచోట ఉండదు, కోరుకి 2.5 ఎంబీ చొప్పున పద్నాలుగు ముక్కలుగా రింగు మీద పరిచి ఉంటుంది, అవతల చివరి ముక్కలో ఉన్నది తెచ్చుకోవాలంటే అంత దూరమూ వెళ్ళి రావాలి. సర్వర్‌కి ఇది లోపం కాదు. వెయ్యిమంది వెయ్యి చిన్న పనులు అడుగుతుంటే ఎవడి పని వాడు చేసుకుపోతాడు, ఒకడు మిల్లీసెకను ఆలస్యమైనా ఎవడికీ తెలీదు, ఏళ్ళ తరబడి ఆగకుండా నడవాలి, తప్పు బిట్టు వస్తే ఈసీసీ ర్యామ్ సర్దుకోవాలి. దాని పెంపకమే వేరు.

ఇప్పటి చిప్పుల్లో కూడా ఇదే కథ అనిపిస్తుంది. ఏఎండీ వాళ్ళు ఎనిమిది కోర్ల ముక్క ఒకటి తయారుచేసి, ఒకటి పెట్టి పైన క్యాష్ పేర్చి 7800ఎక్స్3డీ అని గేమ్స్‌కి అమ్మేరు, అదే తరం ముక్కలు పన్నెండు పేర్చి 96 కోర్ల ఎపిక్ 9654 అని సర్వర్లకి అమ్మేరు. మొదటిది 5.0 గిగాహెర్ట్జ్ దాకా, రెండోది 3.7 దాకా. ఎపిక్ తెచ్చి మా తమ్ముడికిచ్చినా సీఎస్ 2లో ఎనిమిది కోర్లవాడే ముందుంటాడు.

అక్టోబర్ 14, మంగళవారం

విండోస్ 10కి ఇవాళ్టితో సపోర్టు అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నించే, జియాన్ వీ4 ఆ లిస్టులో లేదు, బోర్డులో టీపీఎమ్ అనే భద్రతా చిప్పు కూడా లేదు. అడ్డదారిలో ఎక్కించొచ్చు, ఎక్కించేను కూడా, ఎక్కింది. తమ్ముడు వాలరెంట్ గేమ్ తెరిస్తే టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే విండోస్ 11 మీద ఆడనివ్వం అని తలుపేసింది. వాడి మొహం చూడలేకపోయేను. వాడి 8 వేలు కూడా ఇందులో ఉన్నాయి కదా.

అక్టోబర్ 28, మంగళవారం

మొంథా తుఫాను. పొద్దున్నించి ఒకటే వాన, గాలి, కరెంటు వస్తోంది పోతోంది. ఎల్లుండి డెలివరీ ఒకటుంది, అందుకని యూపీఎస్ మీద నడిపేను. 600 వీఏ యూపీఎస్, జియాన్ రెండర్‌లో ఉండగా కరెంటు పోతే కీచుమని అరిచి నాలుగు నిమిషాలకి చేతులెత్తీసింది, షట్‌డౌన్ నొక్కే టైమ్ మాత్రం దొరికింది. ఐ5 పెడితే అదే యూపీఎస్ పది నిమిషాలు దాటి నిలబడింది. బొబ్బిలోడు సెలవులయ్యేక వచ్చినా, ఇంకా నా దగ్గరే ఉంచేడు పాపం, నేనే పంపలేదు.

అమ్మ కిందనించి, "ఏట్రా ఆ హోరు, మేడ మీద పిండిమర పెట్టేవా?" అంది. 1,400 కూలర్ ఫ్యాను. 120 వాట్లు ఎటో ఒకటు పోవాలి కదా.

నవంబర్ 9, ఆదివారం

తేల్చీసేను. కొత్తగా ఐ5-12400, ఎఫ్ లేనిది, షాపువాడు "ఎఫ్ తీసుకోండి చవక, కార్డుంది కదా" అని రెండుసార్లు అన్నాడు, నేను రెండుసార్లూ వద్దన్నాను, ఆ గోరంత యంత్రం కోసమే కదా కొంటున్నది. బోర్డు డీడీఆర్4దే. ర్యామ్ దగ్గర దెబ్బ తిన్నాను, ఈ రెండు నెలల్లో ర్యామ్ ధరలు ఎగబాకిపోయేయి, సెప్టెంబర్‌లో కొని ఉంటే వచ్చే డబ్బుకి ఇప్పుడు సగమే వచ్చింది, 32 అనుకున్నది 16తో సరిపెట్టేను. రెండూ కలిపి లెక్కేసుకుంటే బడ్జెట్ 35 దాటి 41కి పోయింది, తమ్ముడి మానిటర్ గోవిందా.

బొబ్బిలోడి సీపీయూ వాడికి పంపించీసేను, గేమ్ సేవ్‌లు ముట్టుకోలేదు, ఫ్యాన్లకి దుమ్ము కూడా తుడిచి పంపేను.

జియాన్‌ని అమ్మీద్దామనుకుంటే, కొనడానికి వచ్చినాయన "సర్వర్‌దా, గేమ్స్‌కి సూపర్ కదండీ" అన్నాడు, నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, ఉన్నదున్నట్టు చెప్పేసరికి టీ తాగి వెళ్ళిపోయేడు. దాంట్లోకి లినక్స్ మింట్ ఎక్కించి పాత రెండు హార్డ్ డిస్కులు పెట్టేను, పెళ్ళిళ్ళ బ్యాకప్ అంతా దాని మీదే ఇప్పుడు. నేను పడుకునేముందు బ్లెండర్ టైటిల్స్ దానికి అప్పజెప్పి, పొద్దున్న లేచేసరికి తీసుకుంటాను, అయిపోగానే తనంత తనే షట్‌డౌన్ అయిపోయేట్టు ఒక చిన్న స్క్రిప్టు రాసేను. తెర వెయ్యడానికి ఏదో రెండు వందల పాత కార్డు గుచ్చేను, దానికి లోపల గ్రాఫిక్స్ లేదు కదా.

నవంబర్ 16, ఆదివారం

కొత్త సిస్టమ్ మీద మొదటి పెళ్ళి డెలివరీ అయిపోయింది, గజపతినగరం వాళ్ళది, నాలుగు కెమెరాల మల్టీక్యామ్. మూఢం వచ్చీలోగా ఇంకా మూడున్నాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాటికి 16 జీబీ చాలట్లేదు, ర్యామ్ ధర దిగేదాకా పెద్ద కంపోజిషన్లు డిస్కులో వేసి జియాన్ దగ్గరకి మోసుకెళ్తున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడవదు కాబట్టి జియాన్‌లో రెండో ఎస్ఎస్‌డీ మీద విండోస్ ఉంచుకున్నాను, కావాల్సినప్పుడు దాంట్లోకి బూట్ చేస్తున్నాను, ఇంటర్నెట్ తీగ పీకీసి.

మిగిలిన పనులు: ఆ పిండిమర ఫ్యాను మార్చాలి, బయోస్ బ్యాటరీ కూడా, రోజూ 2016 జనవరి 1 అని చూపిస్తోంది. తమ్ముడు పది అవ్వకముందే మెట్ల మీద కూర్చుంటున్నాడు.